ఆటగాని వీడ్కోలు: కరతాళములు, కాసులు

2013 నవంబరు 16వ తేదీన ముంబయి వాంఖడే మైదానమున సచిన్ టెండూల్కర్ తన 200వ టెస్టు ఆటను ముగించెను. తలిదండ్రులను, గురువును, తోడి ఆటగాండ్రను పేరుపేరున తలచుకొని, పిదప ఒంటరిగా పిచ్ చెంతకు నడచి, ఆ మట్టిని తాకి కన్నుల కద్దుకొనెను. ఆ దినముననే ఆయనకు భారతరత్న బిరుదము ప్రకటింపబడినది. దేశమంతయు రేడియోల ముందును, టెలివిజనుల ముందును కూర్చుండి ఆ వీడ్కోలును ఆలకించినది.

నేడు ఇట్టి వీడ్కోలు ఒక పండుగ. నూరవ శతకమునకు ఒక సన్మానము, నూరవ టెస్టునకు ఒక జ్ఞాపిక, విరమణమునకు ఒక ఉత్సవము మనకు అలవాటైపోయినవి. కాని ఈ ఆచారము పండుగగా పుట్టలేదు. ఆట చాలించిన వాని ముసలితనమునకు ఇంత గంజి సమకూర్చు ఉపాయముగా పుట్టినది. ఆ కథ చెప్పుటయే మా ఉద్దేశము.

వకీలునకు నలుబదియేండ్లు వచ్చునప్పటికి గాని పేరు రాదు. వైద్యునకు ఏబదియేండ్లు దాటిన పిమ్మట హస్తవాసి గలదని జనము చెప్పుకొందురు. సంగీత విద్వాంసుని పాట అరువదియేండ్లకు గాని పండదందురు. ఆటగాడు మాత్రము ముప్పదియైదేండ్లకే వృద్ధుడు. కన్ను ఒక రవ్వంత మందగించిన చాలును, మోకాలు ఒక్కమారు మొరాయించిన చాలును, వాని విద్య వానికి కొరగాకుండ పోవును. తక్కిన సగము జీవితమును ఏమి చేసి గడపవలెను? చప్పట్లు కొట్టిన వారికి ఈ ప్రశ్నతో సంబంధమున్నదా, లేదా?

ఈ ప్రశ్న మొట్టమొదట గట్టిగా వినబడినది పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో. అచ్చటి క్రికెట్టున రెండు జాతులవారు ఆడుచుండిరి. కూలి పుచ్చుకొనక వేడుకకై ఆడువారు 'జెంటిల్మెన్'. కూలికై ఆడువారు 'ప్లేయర్స్'. ఇరువురును ఒకే జట్టున ఆడినను, దుస్తులు మార్చుకొను గదులు వేరు, చాలచోట్ల మైదానమునకు దిగివచ్చు ద్వారములు కూడ వేరు. అచ్చుపత్రమున దొరల పేర్లకు ముందు పొడి అక్షరములు వేసి, వృత్తి ఆటగాండ్రకు ఇంటిపేరు ముందు వ్రాసి పొడి అక్షరములు తరువాత వేసెడివారు. లార్డ్స్ మైదానమున ఒకమారు టిట్మస్ అను యువకుని పేరు దొరల పద్ధతిని అచ్చుపడగా, ఆ తప్పును ధ్వనివర్ధకమున ప్రకటించి మరీ సవరించిరి. మన తెలుగువారికి ఇంటిపేరు ముందుండుట వంశగౌరవము. అచ్చట అదియే కూలివాని గుర్తు. ఈ భేదము 1962 నవంబరులో గాని రద్దు కాలేదు.

వృత్తి ఆటగాండ్రలో పెక్కుమంది గనిపనివారి బిడ్డలు, నేతపనివారి బిడ్డలు. వేసవి నాలుగైదు నెలలే ఆట. చలికాలమున వేరు పని వెదకికొనవలెను. పింఛను అను మాట లేదు. అందువలన వారికి మిగిలిన ఒక్క ఆశ బెనిఫిట్ ఆట. ఈ మాట మనకును క్రొత్తది కాదు. మన నాటక సమాజములవారు ఒక నటుని సహాయార్థము ఒకనాటి ఆట ఆడి, ఆ రాబడిని అతనికిచ్చుటను బెనిఫిట్ నాటకమనియే అనుచుండిరి. ఇంగ్లండులో కూడ ఈ ఆచారము నాటకశాలల నుండియే క్రికెట్టునకు వచ్చినది.

దాని పద్ధతి ఇట్టిది. ఒక కౌంటీ జట్టునకు సుమారు పదియేండ్లు నమ్మకముగా ఆడిన వానికి, స్వస్థలమున జరుగు ఒక ఆటను కేటాయింతురు. మూడు దినములు టిక్కెట్లపై వచ్చిన వసూళ్లు అతనివి. అయితే ఆ ఆటకగు ఖర్చులు కూడ అతనివే. మైదానము చుట్టు డబ్బాలు పట్టుకొని తిరిగి చందాలు కూడ పోగుచేయుదురు. ఆకాశము అనుకూలించి, జనము వచ్చి, ఆట మూడవ దినము సాయంకాలము వరకు సాగెనా, అతని జీవితము గట్టెక్కినట్లే. వాన కురిసెనా, పదియేండ్ల చాకిరి నీటిపాలు. తెలివిగలవారు వానకు బీమా కట్టెడివారు.

అదృష్టవంతులు లేకపోలేదు. యార్క్‌షైరుకు చెందిన జార్జి హర్స్ట్‌నకు 1904లో 3,703 పౌన్లు వచ్చినవి. ఆ కాలమునకు అది చిన్న ఆస్తి. ఆ కౌంటీ నాయకుడైన లార్డ్ హాక్, ఆటగాండ్రు సొమ్మును ఒక్కసారిగా చేతబట్టి దుబారా చేయుదురేమో యని, వచ్చినదానిలో మూడింట రెండు పాళ్లు కౌంటీ ఆధీనముననే ఉంచి మదుపు పెట్టించుచుండెను. ఇందు దయయు కలదు, పెత్తనమును కలదు. ముప్పదియైదేండ్ల సంసారి తన సొమ్మును తానే కాపాడుకొనలేడని ఇతరులు తీర్మానించుట ఏ వృత్తిలో నైనను మానావమానముల విషయము గదా!

ఆల్బర్ట్ ట్రాట్ కథ దీనికి రెండవ పార్శ్వము. ఈతడు ఆస్ట్రేలియా దేశస్థుడు. ఇంగ్లండునకు వచ్చి మిడిల్‌సెక్స్ జట్టున వృత్తి ఆటగాడుగా స్థిరపడెను. 1899 జూలై 31వ తేదీన లార్డ్స్ మైదానమున బంతిని పెవిలియను కప్పు మీదుగా ఆవలికి కొట్టెను. 1907 మే నెలలో సోమర్సెట్‌తో జరుగు ఆట అతనికి బెనిఫిట్‌గా ఈయబడినది. మూడవ దినమున అతనికే చేతికి బంతి వచ్చినది. వరుసగా నాలుగు బంతులలో నలుగురిని పడగొట్టెను. అంతటితో ఆగలేదు, అదే ఇన్నింగ్సులో మరల వరుసగా మూడు బంతులలో ముగ్గురిని పడగొట్టి ఆట ముగించివేసెను. 20 పరుగులకు 7 వికెట్లు! అట్టి అద్భుతము అంతకుమున్ను ఎవ్వరును చూచి యెరుగరు. కాని ఆట త్వరగా ముగిసిపోవుటచే ఆ మధ్యాహ్నము రావలసిన జనము రాలేదు, ఆ వసూళ్లు రాలేదు. తన చేతి మహిమచే తన కంచములోని కూడు తానే తీసివేసికొనెనని నేటికిని నవ్వుచు చెప్పుకొందురు.

ఆ నవ్వు తరువాతి భాగము వినువారు తక్కువ. కొన్నియేండ్లకు ట్రాట్ ఆట చాలించెను, అంపైరుగా కొంతకాలము గడపెను, రోగము పైబడినది. 1914 జూలై 30వ తేదీన, లండనులోని ఒక అద్దె గదిలో, తన ప్రాణము తానే తీసికొనెను. అప్పటి కాతని చేతనున్న ధనము 4 పౌన్లు. తనకున్న కొద్దిపాటి వస్తువులను ఇంటి యజమానురాలికి వ్రాసి యిచ్చిన వీలునామా, చాకలి పద్దు చీటీ వెనుక వ్రాయబడి యుండెను. ఖననమునకైన ఖర్చు మిడిల్‌సెక్స్ కౌంటీవారు భరించిరి. ఏడేండ్లకు పూర్వము ఆ నాలుగు బంతులకు మైదానమంతయు లేచి నిలిచినదన్న మాట ఆ గదిలో ఏ అక్కరకు వచ్చెను?

ఇక దొరల సంగతి చూడుడు. డబ్ల్యు. జి. గ్రేస్ వృత్తిచే వైద్యుడు, ఆటలో 'జెంటిల్మన్'. అనగా డబ్బు పుచ్చుకొనని వాడని లెక్క. 1895 మే 17వ తేదీన బ్రిస్టలున 288 పరుగులు చేసి, నూరు శతకములు పూర్తిచేసిన మొదటి మానవుడయ్యెను. అప్పటి కాయనకు 46 ఏండ్లు. గుబురుగడ్డము, భారీ శరీరము. ఆ నెలాఖరు లోపల వేయి పరుగులు కూడ పూర్తి చేసెను. దేశమునకు పిచ్చి పట్టినట్లైనది. డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తలకొక షిల్లింగు చొప్పున చందా పిలుపునిచ్చెను. ధనికులు, గుమాస్తాలు, బడిపిల్లలు తలా ఒక షిల్లింగు పంపిరి. అన్ని నిధులును కలిసి 9 వేల పౌన్లకు మించినవి. కూలికై ఆడు ఏ వృత్తి ఆటగాడును కలనైన ఎరుగని మొత్తము, కూలి పుచ్చుకొనని దొరకు దక్కినది!

ఈ చోద్యమును వృత్తి ఆటగాండ్రు గమనింపకపోలేదు. మరుసటి ఏడే, 1896లో, ఆస్ట్రేలియాతో ఓవల్ మైదానమున జరుగు టెస్టునకు ముందు అయిదుగురు ఆటగాండ్రు, లోమన్, గన్, రిచర్డ్‌సన్, హేవర్డ్, ఏబెల్ అనువారు, తమకిచ్చు 10 పౌన్లు చాలవనియు, 20 ఈయవలెననియు వ్రాతమూలకముగా అడిగిరి. దొరలకు 'ఖర్చుల' పేర ముట్టుచున్నదెంతయో అని పత్రికలలో గుసగుసలు చెలరేగినవి. ముగ్గురు వెనుకకు తగ్గి ఆడిరి. లోమన్, గన్ ఆడలేదు. నాటికి వారు ఓడిరి. కాని కొలది యేండ్లకే 20 పౌన్లు మామూలు వేతనమైనది. షిల్లింగుల సన్మానము జరిగిన ఏడాదికే ఈ కోరిక పుట్టుట కాకతాళీయము కాదని మా అభిప్రాయము. ఇతరులకు జరుగు సత్కారమును చూచి తన విలువ తాను తెలిసికొనుట మానవ స్వభావము.

బెనిఫిట్ సొమ్ము కూలియా, కానుకయా? ఈ ప్రశ్న చివరకు న్యాయస్థానమున కెక్కినది. కెంట్ కౌంటీకి చెందిన జేమ్స్ సేమూర్‌నకు 1920లో జరిగిన బెనిఫిట్ ఆటలో టిక్కెట్లపై 939 పౌన్ల చిల్లర వచ్చెను. ఆ సొమ్ముతో అతడొక వ్యవసాయక్షేత్రము కొనుక్కొనెను. ఆదాయపు పన్నువారు వచ్చి ఇది నీ జీతము, పన్ను కట్టుమనిరి. వ్యాజ్యము ఒక్కొక్క మెట్టే యెక్కి ప్రభువుల సభ వరకు పోయినది. 1927లో తీర్పు వెలువడినది: ఇది ఉద్యోగమునకు ప్రతిఫలము కాదు, ఒక మనిషియందలి అభిమానముచే ప్రజలిచ్చిన కానుక, కావున పన్ను లేదు. ఈ తీర్పు ఆటగాండ్రకు మేలుచేసినది. అయినను అందులో ఒక చేదు నిజము కూడ గలదు. కానుక అన్న పిదప అది హక్కు కాదు. దాత కిష్టమైన నిచ్చును, లేకున్న లేదు.

ఈ రెండు ప్రపంచముల నడుమ వంతెనవలె నిలిచినవాడు జాక్ హాబ్స్. కేంబ్రిడ్జి పట్టణమున ఒక కళాశాల మైదానపు పనివాని కుమారుడు. 1914లో అతని బెనిఫిట్ ఆట ఓవల్‌లో జరుగవలసియుండగా యుద్ధము వచ్చి సైన్యము ఆ మైదానమును పుచ్చుకొనెను. ఆట లార్డ్స్‌కు మార్పబడి ఆశించిన రాబడి రాలేదు. యుద్ధానంతరము 1919లో సర్రీ కౌంటీ అతనికి మరియొక బెనిఫిట్ ఇచ్చెను. 1925 ఆగస్టులో టాంటన్‌లో గ్రేస్ సాధించిన 126 శతకముల సంఖ్యను అందుకొని, ఆ ఆటలోనే మరియొకటి చేసి దాటిపోయెను. శతకము పూర్తికాగానే నాయకుడు ఫెండర్ మైదానములోనికే ఒక పానీయపు గ్లాసు తెచ్చి అందించెను. అందున్నది అల్లపు సోడా. 1930లో ఓవల్‌లో తన కడపటి టెస్టున హాబ్స్ బ్యాటు పట్టుకొని రాగా, ఆస్ట్రేలియా నాయకుడు ఉడ్‌ఫుల్ తనవారిని చుట్టును నిలిపి ముమ్మారు జయధ్వానము చేయించెను. కూలివాని గుర్తుగా ఇంటిపేరు ముందు వ్రాయబడినవానికి ప్రత్యర్థులు చేసిన వందనమది. 1953లో నైట్ బిరుదము పొందిన మొదటి వృత్తి క్రికెట్ ఆటగాడు ఆయనయే.

ఆనాటి ఆస్ట్రేలియా జట్టులో ఇరువదిరెండేండ్లు నిండని డొనాల్డ్ బ్రాడ్మన్ ఉండెను. పదునెనిమిదేండ్లకు, 1948 ఆగస్టు 14వ తేదీన, అదే ఓవల్‌లో ఆయనకును కడపటి టెస్టు వచ్చినది. ఈమారు ఇంగ్లండు నాయకుడు యార్డ్లీ ముమ్మారు జయధ్వానము చేయించెను. రెండవ బంతికే హోలీస్ ఆయనను సున్నకు పడగొట్టెను. నాలుగు పరుగులు చేసియున్న సగటు నూరగును, అది 99.94 వద్ద నిలిచిపోయినది. ఆ క్షణమును రేడియోలో వర్ణించుచుండినవాడు జాన్ ఆర్లట్. కడపటి ఆటకు వచ్చి, చుట్టును అంత అభిమానము ఎగసిపడుచుండగా, బంతి కన్నులకు తేటగా కనబడునా యని ఆయన వినువారిని అడిగెను. రేడియో వృత్తిలోని మేము ఆ ప్రశ్నను మరువలేము. సన్మానము కూడ ఒక బరువే యని అంత క్లుప్తముగా చెప్పినవారు లేరు. 1980లో అదే ఆర్లట్ లార్డ్స్‌లో తన చివరి వ్యాఖ్యానము ముగించి, వీడ్కోలు మాట యైన పలుకక, తరువాత మాటలాడువారి పేరు చెప్పి ఊరకుండెను. ఆ వార్త మైదానమున ప్రకటింపగా జనమే గాక ఆడుచున్నవారును నిలిచి చప్పట్లు కొట్టిరి.

చప్పట్లు పెరిగినంత మాత్రమున బెనిఫిట్ జూదము మారలేదు. 1948లో వాష్‌బ్రూక్‌నకు 14 వేల పౌన్లు వచ్చినవి. అయిదేండ్లకు, 1953 జూన్ 6వ తేదీన, సోమర్సెట్ ఆటగాడు బర్టీ బ్యూస్ బెనిఫిట్ ఆట బాత్ పట్టణమున ఆరంభమై ఆ ఒక్క దినముననే ముగిసినది. 41 పరుగులకు 6 వికెట్లు తీసి ఆ వినాశమునకు తోడ్పడినవాడు బ్యూసే! తరువాత అభిమానుల చందాలు ఆదుకొనినవి గనుక ట్రాట్ గతి పట్టలేదు.

ఇక మన దేశము. ఇచ్చట ఆటగానికి మొదట దొరికినది బెనిఫిట్ కాదు, పోషకుని నీడ. పాల్వంకర్ బాలూ పూనాలోని తెల్లవారి మైదానమున నెలకు 4 రూపాయల జీతమునకు పనిచేసెను. నాడు అస్పృశ్యులని దూరముంచబడిన కులమున పుట్టుటచే, తోడి ఆటగాండ్రు లోపల టీ త్రాగుచుండగా అతనికి వెలుపల వేరుపాత్రలో ఇచ్చెడివారు. 1911లో పటియాలా మహారాజు నాయకత్వమున ఇంగ్లండు వెళ్లిన జట్టున అతడు 114 వికెట్లు తీసెను. తిరిగివచ్చిన పిమ్మట బొంబాయిలో అతని జనులు సభ చేసి మానపత్రము సమర్పించిరి. దానిని రచించినవాడు నాటికి యువకుడైన అంబేద్కరు. డబ్బాలలో పౌన్లు పోగుపడిన సన్మానము కాదది; ఒక జాతి తన తల తానెత్తుకొనిన సన్మానము.

మన తెలుగు కుటుంబమున నాగపూరులో 1895లో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడుగారి సంగతి లోకవిదితము. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 116 నిముషములలో 153 పరుగులు, అందు 11 సిక్సర్లు కొట్టగా, ప్రత్యర్థులే ఆయనకు వెండి బ్యాటు బహూకరించిరి. 1932లో భారతదేశపు మొదటి టెస్టునకు నాయకుడయ్యెను. ఇందూరు హోల్కరు కొలువు ఆయనకు ఉద్యోగమిచ్చెను, మైదానమిచ్చెను. నాయుడుగారికి వీడ్కోలు అను మాటయే గిట్టదు కాబోలు. 61 ఏండ్ల వయస్సున రంజీ పోటీలలో ఆడెను, 68వ ఏట ఒక సహాయార్థ ప్రదర్శనలో బ్యాటు పట్టెను. 1967లో కన్నుమూసెను.

అందరికిని అట్టి కొలువు దొరకలేదు. శ్రీకాకుళ ప్రాంతమున వీరఘట్టమున పుట్టి, ఇనుప గొలుసులు త్రెంచి, రొమ్ముపై ఏనుగు నెక్కించుకొని, సర్కసు వృత్తిలో దేశదేశముల 'కలియుగ భీముడు' అనిపించుకొనిన కోడి రామమూర్తినాయుడుగారు కడపట ఒక కాలు కోల్పోయి 1942లో ఒరిస్సాలోని బలంగీరున మరణించెను. విశాఖపట్టణ సముద్రతీరమున నేడు ఆయన విగ్రహమున్నది. విగ్రహము కట్టుట సులభము. దానికి ఆకలి వేయదు.

సంస్థానములు పోయిన పిదప రైల్వేలు, బ్యాంకులు ఆటగాండ్రకు ఉద్యోగము లిచ్చినవి. 1981లో షార్జాలో అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ ఆధ్వర్యమున ఆటలు మొదలైనవి. 1986 ఏప్రిలులో కడపటి బంతికి మియాందాదు కొట్టిన సిక్సరు విని రేడియోలు కట్టివేసి నిట్టూర్చినవారు మన శ్రోతలలో ఎందరో కలరు. కాని ఆ పోటీలు నడిపిన సంస్థ పేరే 'క్రికెటర్ల బెనిఫిట్ నిధి' యనియు, భారత పాకిస్తానుల పాత ఆటగాండ్రకు తోడ్పడుటకై అది వెలసినదనియు ఎందరికి జ్ఞప్తియున్నది? 2004లో భారత క్రికెట్ నియంత్రణ మండలి మాజీ ఆటగాండ్రకు నెలసరి పింఛను ఏర్పరచెను. 2012లో పాతతరము వారికి ఒక్కమారు పెద్ద మొత్తములు పంచెను. 2022లో పింఛను పెంచగా, కనిష్ఠ తరగతిలో 15 వేల రూపాయలు 30 వేలైనవి. క్రికెట్ వెలుపల, అంతర్జాతీయ పతకములు గెలిచినవారికి 1994లో కేంద్ర ప్రభుత్వము పింఛను పథకము తెచ్చినది. పతకము వరకు చేరక మోకాలు విరిగినవానికి అది వర్తింపదు.

పింఛను వచ్చినందున వీడ్కోలు స్వభావమే మారినది. 2012 ఆగస్టులో హైదరాబాదు వాడైన వి. వి. ఎస్. లక్ష్మణ్, స్వస్థలముననే టెస్టు జరుగనుండగా, జట్టున తన పేరుండగా, ఆ ఆటకై వేచియుండక అయిదు దినములు ముందే విరమణము ప్రకటించెను. 134 టెస్టులు, 8,781 పరుగులు. వీడ్కోలు ఆట లేదు. 2022 జూన్ 8వ తేదీన మన మిథాలీ రాజ్ 23 ఏండ్ల ఆటను ఒక లేఖతో ముగించెను. వసూళ్లకై ఒక కడపటి ఆట అవసరము లేనివారే ఇట్లు నిశ్శబ్దముగా వెళ్లగలరు. ట్రాట్‌కు ఆ స్వాతంత్ర్యము లేదు.

అయినను పాత పద్ధతిలో ఒక్క మంచి యుండెను. షిల్లింగు పంపిన బడిపిల్లవాడు, డబ్బాలో నాణెము వేసిన గుమాస్తా, తాను పొందిన ఆనందమునకు తన చేతితో తాను ఋణము తీర్చుకొనెను. పింఛను ఆటగానికి నిశ్చింత నిచ్చినది. మనకు మాత్రము మరపు నిచ్చినది. మన జిల్లా తరపున కబడ్డీ ఆడినవారు, మన బడికి హాకీ నేర్పినవారు, ఊరి తిరునాళ్లలో కుస్తీ పట్టిన వస్తాదులు నేడు ఏ మండలి పట్టికలోను లేరు. వారిని చూచి చప్పట్లు కొట్టినవారము మనమే. వారి ఇల్లు ఏ వీధిలో నున్నదో మనలో చాలమందికి తెలియును.